జపాన్ సంప్రదాయం, ప్రకృతి ఆధారంగా లగ్జరీ హోటల్ ఇంటీరియర్: తరచుగా అడిగే ప్రశ్నలు

కాగితపు లాంతర్లు, బోన్సాయ్ మొక్కలు పెడితే జపనీస్ శైలి వచ్చేసినట్టేనా?

రాదు. వస్తువులు చివర్లో వస్తాయి. ముందు తేలాల్సినవి నేల ఎత్తు, కూర్చునే ఎత్తు, వెలుతురు వచ్చే దారి, చెక్కను, కాగితాన్ని ఎన్నేళ్లకు ఎలా మారుస్తారన్న లెక్క. ఈ నాలుగూ కుదిరిన గదిలో ఒక్క లాంతరు లేకపోయినా జపాన్ కనిపిస్తుంది.

టోక్యోలోనే మూడు దారులు చూడొచ్చు. 1962లో తెరిచిన హోటల్ ఒకురా లాబీని ఆర్కిటెక్ట్ యోషిరో తానిగుచి రూపొందించారు. పూర్వకాలపు పూసల ఆకారంలో వేలాడే దీపాలు, పైనుంచి చూస్తే ప్లమ్ పువ్వుల్లా కనిపించేలా గుండ్రటి బల్లలు, వాటి చుట్టూ రేకుల్లా కుర్చీలు, షోజి అనే కాగితపు తెరల వెనకనుంచి మెత్తటి వెలుతురు. 2015లో పాత భవనం కూల్చేశారు. 2019లో తెరిచిన కొత్త భవనంలో అదే లాబీని ఆయన కొడుకు యోషియో తానిగుచి మళ్లీ నిలబెట్టారు. 2014లో వచ్చిన అమన్ టోక్యో ఒక ఆకాశహర్మ్యం పై ఆరు అంతస్తుల్లో ఉంది. ఆర్కిటెక్ట్ కెర్రీ హిల్ అక్కడ దాదాపు 30 మీటర్ల ఎత్తు లాబీని వాషి (జపాన్ సంప్రదాయ కాగితం) లాంతరు లోపలి భాగంలా మలిచారు. 2016 నాటి హోషినోయా టోక్యో మరో దారి పట్టింది. వీధి గుమ్మం దగ్గరే చెప్పులు విడవాలి, అక్కడినుంచి నడవాల్లో, లిఫ్టులో కూడా తాతామి అనే గడ్డి అల్లిక నేల పలకల మీదే నడక.

మొదటిది ఆకారాలను తీసుకుంది, రెండోది వెలుతురును, మూడోది అలవాటును. మీ హోటల్ ఏది తీసుకుంటుందో ముందే తేల్చుకోండి. అన్నీ కొంచెం కొంచెం తీసుకున్నచోట ఏదీ నిలవదు.

ర్యోకాన్, హోటల్ ఒకటేనా?

చట్టం ప్రకారం 2018 జూన్ నుంచి జపాన్‌లో రెండూ ఒకే తరగతి. వాడుకలో మాత్రం తేడా ఉంది. ర్యోకాన్ అంటే తాతామి గది, నేల మీద రాత్రికి పరిచి పొద్దున తీసే పడక, వేడినీటి స్నానం, భోజనంతో కలిపి బస.

డిజైన్ పని ఎక్కడ మొదలవ్వాలి?

గుమ్మంలో. గెంకాన్ అనే ప్రవేశ భాగం గది నేలకంటే పల్లంగా ఉంటుంది. అక్కడ చెప్పులు విడిచి, ఒక మెట్టు ఎక్కి లోపలికి వస్తారు. ఆ మెట్టు అంచున ఉండే చెక్క దూలమే గదిలో అందరి కంటా మొదట పడే చెక్క. దాని మీద ఖర్చుకు వెనకాడకండి. ఎత్తు 15 సెంటీమీటర్ల దగ్గర ఉంటే వయసు పైబడినవాళ్లకూ సులువు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ల కోసం ఎత్తుపల్లాలు లేని గదులు కొన్ని విడిగా ఉండాలి. తరువాత ర్యాంపు తగిలిస్తే గెంకాన్ రూపమే పాడవుతుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఇంటీరియర్ డిజైనర్‌ని స్లాబ్ పోశాక పిలవడం. తాతామి మందం 55–60 మిల్లీమీటర్లు. కాళ్లు కిందికి జార్చుకుని కూర్చునే హోరి-గొతాత్సు గుంతకు 35–40 సెంటీమీటర్ల లోతు కావాలి. స్నానాల గదికి వాలు కావాలి. ఇవన్నీ స్ట్రక్చర్ డ్రాయింగులోనే ఉండాలి. లేకపోతే గది నేలంతా ఎత్తాల్సి వస్తుంది, అప్పుడు పైకప్పు తగ్గినట్టు అనిపిస్తుంది, కిటికీ అంచులు తప్పు ఎత్తులో పడతాయి.

కిటికీల సంగతి ముఖ్యం. నేల మీద కూర్చున్న మనిషి కన్ను నిలబడ్డ మనిషి కన్ను కంటే చాలా కిందుగా ఉంటుంది. గోడ మీది చిత్రం, దీపం, తలుపుకు వేలు పట్టే గుంట, అన్నీ ఆ మేరకు కిందికి రావాలి. మంచం వేసేచోట కూడా పడక ఎత్తు 30 సెంటీమీటర్లు దాటకపోతే గది తీరు చెడదు.

తాతామి అంటే మన తుంగచాప లాంటిదేనా? కొలతలేమిటి?

పైన అల్లిక చూస్తే అలాగే అనిపిస్తుంది కానీ ఇది చుట్టి పక్కన పెట్టే చాప కాదు, నేలలో అమర్చే పలక. లోపలి దిండు పూర్వం గట్టిగా నొక్కిన వరిగడ్డి. ఇప్పుడు ఎక్కువగా చెక్కపీచు బోర్డు, థర్మోకోల్ లాంటి నురగ పలక. పైన ఇగుసా గడ్డి కాడల అల్లిక, పొడుగు అంచులకు గుడ్డ పట్టీ. జపాన్‌లో పండే ఇగుసాలో అధిక భాగం కుమమొతో రాష్ట్రంలోని యాత్సుషిరో ప్రాంతానిది.

కొలత ఊరూరికీ మారుతుంది. క్యోటో కొలత 191 × 95.5 సెంటీమీటర్లు, టోక్యో వైపు కొలత 176 × 88. 'ఆరు తాతామిల గది' అంటే మొదటి లెక్కలో సుమారు 118 చదరపు అడుగులు, రెండో లెక్కలో సుమారు 100. డ్రాయింగులో 'ఆరు చాపలు' అని మాత్రమే రాసి పంపితే ఎక్కడో ఒకచోట గొడవ తప్పదు. సెంటీమీటర్లు రాయండి. అదీ గోడలు పూర్తయ్యాక మళ్లీ కొలిచి. గోడ మూలలు నిక్కచ్చిగా 90 డిగ్రీలు ఉండవు కనుక ప్రతి పలకనూ దాని చోటికి తగ్గట్టు విడిగా కోస్తారు.

వాటిని ఎలా పరచాలి?

నాలుగు పలకల మూలలు ఒకేచోట కలిసి ప్లస్ గుర్తులా కనిపించకూడదు. అలా పరిచేది అశుభ సందర్భాలకు. మామూలుగా అతుకులు ఇంగ్లిష్ 'టి' అక్షరంలా కలవాలి. తొకొనోమా (గోడలో చిత్రం, పువ్వు పెట్టే గూడు) ముందు పలక దానికి సమాంతరంగా పడాలి. పలక పొట్టి అంచు తొకొనోమాకు గుచ్చుకున్నట్టు ఉంటే జపాన్ అతిథులు వెంటనే పసిగడతారు.

తాతామి ఎన్నాళ్లు మన్నుతుంది? బూజు పట్టదా?

వాడకాన్ని బట్టి మూడు నుంచి ఐదేళ్లకు పై అల్లికను తిరగేసి కుడతారు. మరి కొన్నేళ్లకు అల్లిక కొత్తది వేస్తారు. దిండు చాలా ఏళ్లు ఉంటుంది. తిరగేయడానికి పనికొచ్చేది అడుగువైపు మరక దిగనంతవరకే. అందుకే ఒలికిన టీని వెంటనే పొడిగుడ్డతో అద్ది, కాస్త పిండి చల్లి తడి పీల్చనిచ్చి, ఆ పిండిని వ్యాక్యూమ్‌తో లాగేయాలి. రుద్దితే మరక లోపలికి పోతుంది.

బూజు పడుతుంది, ముఖ్యంగా కొత్త తాతామికి మొదటి వానాకాలంలో. పచ్చి ఇగుసా గాలిలోని తేమను బాగా పీలుస్తుంది. గదిని ఖాళీగా మూసి ఉంచి, ఏసీ కట్టేసినప్పుడు బూజు మొదలవుతుంది. బూజు కనిపిస్తే తడిగుడ్డ పెట్టకండి. ఎథనాల్ చల్లి, కాసేపు ఆగి, అల్లిక వాటంగా మెత్తటి బ్రష్‌తో తీసి, పూర్తిగా ఆరనివ్వాలి. ఊడ్చినా తుడిచినా అల్లిక వెంబడే. అడ్డంగా తోస్తే కాడలు పొరలు లేస్తాయి.

గదులు రోజూ నిండే హోటల్‌లో మెలితిప్పిన వాషి కాగితానికి రెజిన్ పూత పూసి అల్లిన తాతామి తెలివైన ఎంపిక. రంగు త్వరగా వెలవదు, బూజు తక్కువ. ఇగుసా వాసన మాత్రం ఉండదు. ఆ వాసన కోసమే వచ్చే అతిథులకు ఒకటి రెండు సూట్లలో అసలుది వేసి, దాని పోషణకు మనుషుల్ని పెట్టండి.

చక్రాల సూట్‌కేసు తాతామిని కోసేస్తుంది. గెంకాన్ పక్కనే చెక్క నేల మీద సామానుకు చోటివ్వండి. కుర్చీ వేయాలంటే నాలుగు కాళ్లు కాక, కింద అడ్డపట్టీలున్న రకం కావాలి, బరువు పంచుకుంటుంది.

షోజికీ ఫుసుమాకీ తేడా?

షోజి వెలుతురు వడగట్టే తెర: సన్నటి చెక్క జాలకం, ఒకవైపు పలచటి కాగితం. ఫుసుమా గదుల మధ్య జరిగే అపారదర్శక తలుపు: రెండువైపులా మందపాటి కాగితం లేదా గుడ్డ.

షోజి బిగించడంలో ఎక్కడ తప్పు జరుగుతుంది?

మొట్టమొదట, కాగితం ఏ వైపు ఉండాలన్న దాంట్లో. జాలకం గదిలోకి కనిపించాలి, కాగితం బయటి వైపు ఉండాలి. చాలా హోటళ్లలో ఇది తిరగబడి కనిపిస్తుంది. రెండు రెక్కలున్నచోట గదిలోంచి చూస్తే కుడి రెక్క మనకు దగ్గరగా ఉండాలి.

తరువాత గాడులు. పై దూలంలో గాడి సుమారు 15 మిల్లీమీటర్ల లోతు, కింది పట్టాలో రెండు మూడు మిల్లీమీటర్లే. రెక్కను పైకెత్తి లోపలికి తోసి కిందికి దించుతారు; తీయడమూ అలాగే. ఒక్క స్క్రూ అక్కర్లేదు. దీనికి పై దూలం వంగకుండా నిలవాలి. జిప్సం ఫాల్స్ సీలింగ్‌కు వేలాడదీసిన దూలం కొన్ని నెలల్లో కాస్త కుంగుతుంది, రెక్క బిగుసుకుపోతుంది. అప్పుడు వడ్రంగి వచ్చి రెక్క అంచు చిత్రిక పడతాడు, మళ్లీ పొడి కాలంలో అదే రెక్క వదులై ఊడి పడుతుంది. తప్పు రెక్కది కాదు. దూలాన్ని పైన స్లాబ్ నుంచి ఇనుప ఊతంతో పట్టించాలి. కింది పట్టాలో జరుగుడు తగ్గితే మైనం రుద్దండి, నూనె వద్దు. నూనె దుమ్ము పట్టి గడ్డకడుతుంది.

చెక్కను తెచ్చిన రోజే బిగించకండి. ఏసీ నడిచే స్థితిలో ఆ గదిలోనే కొన్ని వారాలు ఉంచితే, లాగుకోవాల్సిందేదో బిగింపుకు ముందే లాగుకుంటుంది.

కాగితం చిరిగితే రెక్క మొత్తం మార్చాలా?

చిన్న చిరుగుకు అక్కర్లేదు. అదే కాగితాన్ని పువ్వు ఆకారంలో కత్తిరించి అతికిస్తారు. జపాన్ ఇళ్లలో సకురా (చెర్రీ) పువ్వు అతుకు ఉన్న షోజి మామూలే, అది లోపంగా కనిపించదు. లగ్జరీ గదిలోనూ ఒకటి రెండు అతుకులు ముచ్చటగానే ఉంటాయి.

కాగితం మొత్తం మార్చాలంటే రెక్కను దించి, కాగితం వైపు జాలకం గీతల వెంట నీళ్లు చల్లి, జిగురు నానే దాకా కొన్ని నిమిషాలు ఆగండి. తొందరపడి లాగితే ముక్కలు ముక్కలుగా వస్తుంది. కాగితం తీశాక మిగిలిన జిగురును తడిగుడ్డతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరబెట్టండి. పలచటి గంజి జిగురును బ్రష్‌తో కొట్టి, కాగితాన్ని చుట్ట విప్పుకుంటూ పరిచి, జిగురు ఆరాక అంచులు స్కేలు పెట్టి కోయండి. అడ్డ పట్టీలుగా అతికించేటట్టయితే కిందినుంచి పైకి రండి. అప్పుడు అతుకు మీద దుమ్ము నిలవదు. చివరగా సన్నగా నీటి తుంపర కొడితే ఆరేటప్పుడు కాగితం బిగిసి ముడతలు పోతాయి. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితానికి ఈ తుంపర పని చేయదు, దాన్ని అతికించేటప్పుడే బిగువుగా లాగాలి.

షోజి వెనక ఎల్‌ఈడీ పెడితే చుక్కలు చుక్కలుగా కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?

దీపాల మధ్య దూరం ఎంతో, కాగితానికీ దీపానికీ మధ్య కనీసం అంత దూరం ఉండాలి. 10 సెంటీమీటర్లకొక దీపం ఉంటే కాగితం 10 సెంటీమీటర్లైనా ముందుండాలి. ఇంకా మంచిది దీపాన్ని కాగితం వైపు కాక వెనక తెల్ల గోడ వైపు తిప్పడం. గోడ మీద పడి వచ్చే వెలుతురే పగటి వెలుతురులా ఉంటుంది. రాత్రికి 2700 కెల్విన్ లేదా అంతకంటే వెచ్చటి రంగు, డిమ్మర్ తప్పనిసరి. గది మూలల్లో కొంత చీకటి ఉండనివ్వండి. పైకప్పు నిండా డౌన్‌లైట్లు గుచ్చితే కాగితం, చెక్క, గోడపూత అన్నీ ఒకే చదునుగా కనిపిస్తాయి.

విడి దీపాలు కావాలంటే శిల్పి ఇసాము నొగుచి 1951లో గిఫు ఊరి లాంతర్ల పని చూసి మొదలుపెట్టిన అకారి దీపాలు ఇప్పటికీ వెదురు, వాషిలతో అక్కడే తయారవుతున్నాయి.

పక్క గది మాటలు వినిపించవా?

వినిపిస్తాయి. కాగితం శబ్దాన్ని ఆపదు. గదికీ గదికీ మధ్య అసలైన శబ్దనిరోధక గోడ కట్టి, షోజి, ఫుసుమాలను ఒకే గది లోపలి విభజనకే వాడాలి.

అగ్ని భద్రత మాటేమిటి?

జపాన్ చట్టమే హోటళ్లలో తెరలకు, తివాచీలకు నిప్పంటని గుణం తప్పనిసరి చేసింది. కాగితానికి అగ్నినిరోధక ద్రావణం పట్టించినదో, గాజునార కలిపినదో ఎంచుకుని, సర్టిఫికెట్ ఫైల్లో పెట్టుకోండి. మన దేశంలో కడుతుంటే నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 నాలుగో భాగం చూసి, ఫైర్ అధికారులతో డ్రాయింగ్ దశలోనే మాట్లాడాలి. తప్పించుకునే దారిలో, కారిడార్‌లో అసలు చెక్క, కాగితం తగ్గించండి.

హినోకి (జపాన్ సైప్రస్) చెక్క స్నానపు తొట్టి గదిలో పెట్టాలంటే?

ముందు బరువు లెక్క. లోపలి కొలత 120 × 70 × 55 సెంటీమీటర్లు అనుకుంటే నిండా 462 లీటర్లు, అంటే 462 కిలోలు. మనిషి దిగితే దాదాపు అంత బరువు నీరు పొర్లిపోతుంది కనుక మనుషుల బరువు విడిగా కలపక్కర్లేదు. తడిసిన చెక్క బరువుతో కలిపి సుమారు ఒక చదరపు మీటరు మీద 530 కిలోల దాకా పడుతుంది. మామూలు హోటల్ గదికి లెక్కవేసే 200 కిలోలకు ఇది రెండున్నర రెట్లకు పైనే.

ఆ పొర్లే నీరు ఇంకో లెక్క. జపాన్ పద్ధతిలో ఒళ్లు బయటే కడుక్కుని, నిండు తొట్టిలో మెడదాకా మునుగుతారు. 70 కిలోల మనిషి దిగితే కొద్ది క్షణాల్లో అటుఇటుగా 60–70 లీటర్లు నేల మీద పడుతుంది. చిన్న జాలీ ఆ నీటిని లాగలేదు, నీరు గెంకాన్ దాకా వస్తుంది. తొట్టి చుట్టూ పొడుగు కాలువ, దాని మీద చెక్క పలకలు పెట్టండి.

హినోకికి శత్రువులు రెండు: ఎప్పుడూ తడిగా ఉండటం, పూర్తిగా ఎండిపోవడం. మొదటి దాంతో మూలల్లో నల్లమచ్చలు, జిగట. రెండో దాంతో పలకలు ముడుచుకుని అతుకుల దగ్గర కారడం. అతిథి వెళ్లగానే నీరు వదిలి, వేడినీళ్లతో కడిగి, చివర చన్నీళ్లు పోసి, పొడిగుడ్డతో తుడిచి, గాలి ఆడనివ్వాలి. నేరుగా ఎండ తగలకూడదు, పగులుతుంది. గది చాలా రోజులు ఖాళీగా ఉంటే తొట్టిలో ఒక బకెట్ నీళ్లు పెట్టి మూత వేయండి. ఎండి కారడం మొదలైతే సీలెంట్ కోసం పరుగెత్తకండి. నీళ్లు నింపి ఒకటి రెండు రోజులు ఉంచితే చాలాసార్లు చెక్క ఉబ్బి తానే మూసుకుంటుంది. కొత్త తొట్టిలో జిగురులా కనిపించేది చెక్క బంక. ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది.

ఇంత పని చేసే మనుషులు లేకపోతే గ్రానైట్ తొట్టికి పై అంచు మాత్రం హినోకిది పెట్టండి. చెయ్యి ఆనే చోటు అదే, వాసన వచ్చే చోటూ అదే.

పలువురు వాడే పెద్ద తొట్లలో నీటిని తిప్పి వాడితే ఊపిరితిత్తులకు సోకే లీజియొనెల్లా బ్యాక్టీరియా ప్రమాదం ఉంటుంది. జపాన్‌లో లీటరుకు 0.4 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్‌ను ప్రమాణంగా పెట్టుకుంటారు. వేడినీటి ట్యాంకు 60 డిగ్రీలకు తగ్గకూడదు. తొట్టిలో నీరు 40–42 డిగ్రీలు చాలు.

స్నానాల గది నేలకు ఏ రాయి?

అకిత రాష్ట్రపు తొవాదా రాయి. ఆకుపచ్చని ఛాయ, తడిసినా కాలు జారదు. అది దొరక్కపోతే పాలిష్ చేయని ఏ గరుకు రాయైనా సరే, నునుపు గ్రానైట్ మాత్రం వద్దు.

గోడలకు ఏ పూత? మన గచ్చు పనికొస్తుందా?

షిక్కుయి అంటే సున్నపు పూతే. సున్నంలో జనపనార, సముద్రపు నాచు ఉడికించిన జిగురు కలుపుతారు. నార పగుళ్లను ఆపుతుంది, జిగురు పూత త్వరగా ఆరిపోకుండా పట్టి ఉంచుతుంది. మన పాత మేస్త్రీలు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపింది కూడా పూత గుణం పెంచడానికే. కనుక సున్నం పని తెలిసిన మన మేస్త్రీకి ఇది పరాయి విద్య కాదు. అలవాటు కావాల్సింది మందం: చివరి పొర రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే, ఒక గోడ ఒకే పూటలో ఆగకుండా పూర్తవ్వాలి. మధ్యలో భోజనానికి లేస్తే ఆ గీత జీవితాంతం కనిపిస్తుంది. సూట్‌కేసులు తగిలే ఎత్తు వరకు కింద చెక్క పలక గానీ, క్యోటో టీ గదుల్లోలా కాగితపు అంచు గానీ పెడితే పూత రాలదు.

కాల్చిన సుగి (జపాన్ సీడార్) చెక్క లోపల వాడొచ్చా?

యాకిసుగి అనే ఈ కాల్చిన చెక్క బయటి గోడల కోసం పుట్టింది. మూడు పలకలను గొట్టంలా కట్టి లోపల మంట పెడితే పొయ్యి గొట్టంలా గాలి లాగి నిమిషాల్లో పైపొర బొగ్గవుతుంది. ఆ బొగ్గు పొర చెక్కను వానకు, పురుగుకు తట్టుకునేలా చేస్తుంది. లోపల అయితే బట్టలకు మసి అంటుతుంది. వైరు బ్రష్‌తో రుద్ది, నూనె పట్టించిన రకం మాత్రమే వాడండి, అదీ చెయ్యి తగలని చోట.

తొకొనోమాలో ఏం పెట్టాలి?

ఒక వేలాడే చిత్రం, ఒక పూలపాత్ర. అంతే. టీవీ, మినీబార్, సేఫ్ అక్కడ పెట్టడం మన దేవుడి గూట్లో చెప్పుల స్టాండు పెట్టినట్టే. అతిథులు సామాను పెట్టేస్తున్నారంటే తప్పు వాళ్లది కాదు, సామానుకు వేరే చోటు ఇవ్వలేదని అర్థం. అక్కడి స్తంభాన్ని చెట్టు పెరిగిన వాటంగానే నిలపాలి, మొదలు కిందికి, కొన పైకి. తలకిందులు స్తంభం కీడని జపాన్ వడ్రంగుల నమ్మకం.

ప్రకృతిని లోపలికి తేవడం ఎలా? గోడంతా మొక్కలు పెట్టాలా?

జపాన్ పద్ధతి ఎక్కువ చూపించడం కాదు, కొంత దాచి చూపించడం. షక్కెయి అంటే దూరపు కొండను తోటలో భాగంగా అరువు తెచ్చుకోవడం. క్యోటోలోని ఎంత్సూజి గుడిలో కూర్చుంటే కంచె పైన, చెట్ల మొదళ్ల మధ్య హియెయి కొండ కనిపిస్తుంది. మధ్యలో ఉన్న ఊరు కనిపించదు. హోటల్ కిటికీలోనూ అదే చేయాలి. పార్కింగ్, ఏసీ యూనిట్లు కనిపించే భాగాన్ని తెరతో కప్పి, చెట్టు కొమ్మలనో ఆకాశాన్నో మిగిల్చండి. యుకిమి షోజి ఇందుకే ఉంది: కింది సగం గాజు, దాని మీది కాగితపు రెక్క పైకి జరుగుతుంది. కూర్చున్నవాళ్లకు తోట, నిలబడ్డవాళ్లకు కాగితం.

చోటు తక్కువైతే త్సుబొనివా, అంటే చిన్న లోపలి తోట. ఒక త్సుబొ అంటే సుమారు 3.3 చదరపు మీటర్లు. ఒక రాయి, ఒక మొక్క, ఒక నీటి తొట్టి చాలు. మండువా లోగిలి చూసినవాళ్లకు ఆ చిన్న ఆకాశం ఇంటికేం చేస్తుందో చెప్పక్కర్లేదు. నాచు మాత్రం ఏసీ గదిలో బతకదు. తెరిచి ఉన్న ఆవరణలో ఉదయపు ఎండ, నీరు నిలవని నేల, క్లోరిన్ లేని నీరు ఉంటేనే వేయండి.

'లోపలికి రావద్దు' అనే బోర్డుకు బదులు సెకిమొరి-ఇషి పెట్టొచ్చు. పిడికిలి కంటే కాస్త పెద్ద గుండ్రటి రాయికి నల్లటి తాడును అడ్డంగా, నిలువుగా చుట్టి, పైన పట్టుకోవడానికి వీలుగా ముడి నిలబెడతారు. దారి రాళ్ల మీద అది కనిపిస్తే అటు వెళ్లకూడదని అర్థం.

ఋతువును బట్టి గది మార్చాలా?

క్యోటో పాత ఇళ్లలో జూన్ రాగానే షోజి, ఫుసుమాలు తీసి రెల్లుపుల్లల తలుపులు పెడతారు, తాతామి మీద పేము చాప పరుస్తారు. మనం వేసవిలో వట్టివేళ్ల తడికలు కట్టినట్టే. హోటల్‌లో చేయాలంటే ప్రతి గదికి రెండో జత తలుపులు, వాటిని నిలబెట్టి దాచే పొడి గది ప్లాన్‌లో ఉండాలి. అంత కుదరకపోతే చిత్రం, పువ్వు, టీ కప్పు మార్చినా గది మారుతుంది.

అస్సలు చేయకూడనివి?

తోరీ ద్వారం షింటో గుడిది, బార్ గుమ్మానికి పెట్టకండి. బుద్ధుడి తలను స్పా అలంకారం చేయకండి. యుకాతా (పలచటి నూలు కిమోనో) వేసుకున్న ఫొటోల్లో ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చేది శవానికి. తలగడ ఉత్తరానికి వద్దు. ఈ పట్టింపు మనకూ వాళ్లకూ ఒకటే.

ఉరుషి, లక్క ఒకటేనా?

కాదు. ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగునుంచి వస్తుంది, వేడికి కరిగి పూత అవుతుంది. ఉరుషి చెట్టు పాలు. అది ఆరడానికి తేమ కావాలి. అందుకే తడి గాలి నింపిన అరలో పెడతారు. గట్టిపడ్డాక వేడి పులుసునూ తట్టుకుంటుంది. ఎండకు మాత్రం వెలిసిపోతుంది. డిష్‌వాషర్‌లో పెట్టకూడదు.

పని పూర్తయ్యాక కాంట్రాక్టర్ దగ్గర ఏమేం తీసుకోవాలి?

వాడిన వాషి చుట్టల్లో కనీసం ఒకటి, గోడపూత కలిపిన పాళ్లు రాసిన కాగితం, అదే పూత వేసిన అడుగు చదరం నమూనా పలకలు, చెక్కకు పట్టించిన నూనె పేరు. తాతామి పలకలు దేని చోట అదే సరిపోతుంది కనుక పరిచేవాళ్లు అడుగున స్థానం గుర్తు వేస్తారు. గదిగదికీ ఒక పలక ఎత్తి ఆ గుర్తులు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే అప్పుడే రాయించి, ప్లాన్ మీద అవే అంకెలు వేసి హౌస్‌కీపింగ్‌కు ఇవ్వండి.